వచ్చే స్టాంపు మీద ఎవరి బొమ్మ?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు, "కష్టపడి చదవండి, వృద్ధిలోకి రండి" అని మరోసారి రాయడానికి మనసొప్పలేదు. ఆ మాట చెప్పే పెద్దలు వేదిక మీద ఎలాగూ ఉంటారు. అందుకని మన హాస్టల్లో మేము ఆడుకున్న ఒక ఆట గురించీ, ఆ ఆటలో నేను ఓడిపోయిన ఒక పందెం గురించీ రాస్తున్నాను. పందెం చిన్నదే. కానీ ఎందుకు ఓడిపోయానో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అది మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు.

కోడిగుడ్డు పందెం

మా రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు. ఇంటినుంచి కబురు అంటే కార్డు ముక్క, లేదా ఇన్‌లాండ్ లెటరు. వాటి మీద స్టాంపు ముందే అచ్చయి ఉంటుంది గనుక ఒలుచుకుని దాచుకోవడానికి ఏమీ మిగలదు. వార్డెన్ గారికి వచ్చే ఆఫీసు కవర్ల మీద మూడు సింహాల సర్వీసు స్టాంపులే ఉండేవి. రంగుల బొమ్మలున్న స్మారక స్టాంపు కావాలంటే, హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయిన అన్న ఎవరైనా కవరు కొని ఉత్తరం వేయాలి. అలాంటి కవరు ఎవరికి వచ్చినా పదిమందిమి చుట్టూ మూగేవాళ్ళం. కవరు ముక్క కత్తిరించి గ్లాసు నీళ్ళలో నానబెట్టడం, స్టాంపు ఊడాక పాత నోట్సు కాగితాల మధ్య ఆరబెట్టడం, ఆపైన ట్రంకుపెట్టె అడుగున దాచుకోవడం మాకు పండగలా ఉండేది.

ఆ మోజులోంచే ఆట పుట్టింది. జనవరి ఒకటో తారీఖున ఒక పాత పలక తెచ్చి, ఈ ఏడాది ఎవరి బొమ్మతో స్టాంపు వస్తుందో తలా ఒక పేరు రాసేవాళ్ళం. పేపర్లో చిన్న వార్త వచ్చినా, పోస్టాఫీసు నోటీసు బోర్డు మీద కాగితం అంటించినా చూసి వచ్చి చెప్పాలి. ఊహ ఫలించినవాడికి ఓడినవాడు తన ఆదివారం కోడిగుడ్డు ఇచ్చెయ్యాలి. హాస్టల్లో బతికినవాళ్ళకి ఆదివారం కోడిగుడ్డు విలువ ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

1991లో మాత్రం పందెం పారలేదు. అందరూ ఒకటే పేరు రాశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ పుట్టి నూరేళ్ళయిన సంవత్సరం అది. ఏప్రిల్ 14న స్టాంపు రానే వచ్చింది. ఎవరి గుడ్డు వాళ్ళే తిన్నాం.

హాస్టల్ వదిలాక కూడా నేనూ, నా రూమ్మేటూ ఈ పందెం మానలేదు. అతను గుంటూరులో, నేను ఒంగోలులో డిగ్రీ చదువుతూ కార్డుల మీద పందెం కాసేవాళ్ళం. 1995 వచ్చింది. 1895లో పుట్టిన తెలుగువాళ్ళు ఎవరా అని ఇద్దరం వెతికాం. అతను సైన్సు విద్యార్థి. యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు రాశాడు. నేను మరో ఆలోచన లేకుండా గుర్రం జాషువా అని రాశాను. యల్లాప్రగడ వారి స్టాంపు ఆ ఏడాదే వచ్చింది. జాషువా గారిది రాలేదు. నేను ఓడిపోయాను. ఈరోజుకీ నా ఆల్బంలో ఆయన చోటు ఖాళీగానే ఉంది.

యల్లాప్రగడ వారికి స్టాంపు రావడం ఎంతో న్యాయం. భీమవరంలో పుట్టి, అమెరికాలో ప్రయోగశాలలో జీవితమంతా గడిపి, ఎన్నో ప్రాణాలు నిలిపే మందులకు దారి చూపిన మహనీయుడాయన. నా బాధ ఆయనకు వచ్చినందుకు కాదు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు గొప్పవాళ్ళలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే, క్యాలెండరు చూసి స్టాంపు చెప్పవచ్చన్న మా ఆట సూత్రంలో ఏదో లోపం ఉందన్నమాట. ఆ లోపం ఏమిటన్నదే నా ప్రశ్న.

ఊహించడానికి దారులు

ముందు ఆట సూత్రాలు చెబుతాను. ఇప్పటికీ పనికొస్తాయి, ప్రయత్నించి చూడండి.

మొదటిది తేదీ. నూరేళ్ళ పండుగ అన్నిటికంటే బలమైన గుర్తు. ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1872లో పుట్టారు, 1972లో స్టాంపు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. త్రిపురనేని రామస్వామి గారు 1887లో పుట్టారు, 1987లో స్టాంపు వచ్చింది. పుట్టినరోజే కాదు, వర్ధంతి కూడా చూసుకోవాలి. జ్యోతిరావు ఫూలే స్టాంపు 1977 నవంబరు 28న, సావిత్రీబాయి ఫూలే స్టాంపు 1998 మార్చి 10న వచ్చాయి. రెండూ వాళ్ళు కన్నుమూసిన తేదీలే. కనుక నా ఈ ఏటి ఊహ ఉచితంగా చెబుతున్నాను, రాసి పెట్టుకోండి. 1827లో పుట్టిన ఫూలేకి 2027 ఏప్రిల్ 11తో రెండువందల ఏళ్ళు నిండుతాయి. 2031 జనవరి 3తో సావిత్రీబాయికి నిండుతాయి. ఈ రెండు తేదీల మీద కోడిగుడ్డు పందెం ధైర్యంగా కాయవచ్చు.

రెండవది వరస. ఒక్కోసారి తపాలా శాఖ ఒక విషయం తీసుకుని కొన్ని స్టాంపులు కలిపి వేస్తుంది. 1975లో శాస్త్రీయ నృత్యాలు వేసినప్పుడు మన కూచిపూడి వచ్చింది. 2011లో సినిమా నాయికల వరసలో మహానటి సావిత్రి వచ్చింది. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళయినప్పుడు యాభై స్టాంపులు వేస్తే రఘుపతి వెంకయ్య, ఎస్.వి.రంగారావు, భానుమతి, అల్లు రామలింగయ్య గార్లు అందులో ఉన్నారు. 2017లో దేశంలోని మెట్ల బావుల మీద పదహారు స్టాంపులు వచ్చాయి. ఒక వరస వచ్చిందంటే దాని పక్క వరస ఏమిటో ఆలోచించాలి. బావులు అయ్యాయి, ఇక చెరువులు రావద్దూ?

మూడవది ఆనవాయితీ. నవంబరు 14న బాలల దినోత్సవం స్టాంపు 1957 నుంచి ఉన్న అలవాటు. దాన్ని ఊహించడానికి తెలివి అక్కర్లేదు. దాని మీద ఏ బొమ్మ వేస్తారన్నదే పందెం.

నాలుగవది నాకు ఆలస్యంగా తెలిసింది. స్టాంపు ఆకాశంనుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు అడగాలి. ఫలానా వారి మీద, ఫలానా సంగతి మీద స్మారక స్టాంపు వేయండి అని ఈ దేశ పౌరులు ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు. అది ఢిల్లీ డాక్ భవన్‌కు చేరాలి. ఫిలాటెలీ సలహా సంఘం ముందుకు వెళ్ళాలి. దేశస్థాయి ప్రాముఖ్యం ఉందా, సందర్భం ఉందా అని వాళ్ళు చూస్తారు. బతికి ఉన్నవాళ్ళ మీద మామూలుగా వేయరు. ఇదంతా జరగడానికి నెలలు, ఏళ్ళు పడుతుంది గనుక చాలా ముందుగా అడగాలి. అడిగినవన్నీ రావు. అయితే ఎవరూ అడగనిది వచ్చే దారి మరీ సన్నం.

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మెస్సులో రెండోసారి సాంబారు అడగడానికి సిగ్గుపడి సగం కడుపుతో లేచిన తమ్ముళ్ళకు ఈ సామెత బాగా తెలుసు.

ఎవరు ఎన్నేళ్ళు ఎదురుచూశారు?

ఒక ఆదివారం కూర్చుని చిన్న లెక్క వేశాను. ఒక మనిషి కన్నుమూసిన తరువాత స్టాంపు రావడానికి ఎన్నేళ్ళు పట్టింది అన్న లెక్క.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1981లో పోయారు, 1982లో స్టాంపు వచ్చింది. ఒక్క ఏడాది. ఎన్.టి.రామారావు గారు 1996లో పోయారు, 2000 మే 28న వచ్చింది. నాలుగేళ్ళు. అంబేద్కర్ గారు 1956లో పరినిర్వాణం చెందారు, 1966 ఏప్రిల్ 14న తొలి స్టాంపు వచ్చింది. పదేళ్ళ లోపే. ప్రకాశం పంతులు గారికి పదిహేనేళ్ళు.

ఇక రెండో వరస చూడండి. దామోదరం సంజీవయ్య గారు 1972లో పోయారు, 2008 ఫిబ్రవరి 14న స్టాంపు వచ్చింది. ముప్ఫయ్యారేళ్ళు. పింగళి వెంకయ్య గారికి నలభయ్యారేళ్ళు. పొట్టి శ్రీరాములు గారికి నలభై ఏడేళ్ళు దాటాయి. ఫూలేకి ఎనభై ఏడేళ్ళు. సావిత్రీబాయికి నూటొక్క ఏళ్ళు. ఫూలే దంపతుల విషయంలో స్వాతంత్ర్యానికి ముందు కాలం తీసేసి లెక్కవేసినా, 1947 నుంచి ఆయనకు ముప్ఫై ఏళ్ళు, ఆమెకు యాభై ఒక్క ఏళ్ళు. ఆడపిల్లలకు బడి పెట్టిన తొలి పంతులమ్మల్లో ఒకరు ఆమె. దేశంలోని ప్రతి బడికీ ఉత్తరాలు వెళ్ళాయి, ఆ ఉత్తరాల మీద ఆమె బొమ్మ రావడానికి మాత్రం అర్ధ శతాబ్దం పట్టింది.

పింగళి వెంకయ్య గారి సంగతి మరీ విచిత్రం. స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి స్టాంపు 1947 నవంబరు 21న వచ్చింది. మూడున్నర అణాలది. దాని మీద బొమ్మ ఏమిటి? మన మువ్వన్నెల జెండా! ఆ జెండాకు రూపు కట్టిన మనిషి బొమ్మ మాత్రం 2009లో గానీ స్టాంపు ఎక్కలేదు. జెండాకూ దాని వెనకున్న మనిషికీ మధ్య అరవై రెండేళ్ళ దూరం.

సంజీవయ్య గారు మనకు మరీ దగ్గరివారు. కర్నూలు పక్కన పెద్దపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవి ఎక్కిన తొలి దళితుడు ఆయనే. ఇంకో మాట మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే. అంటే ఆయన ముఖ్యమంత్రిగా ఉన్ననాడు మన తాతలు ఆయన జిల్లావాళ్ళే. ఆయన స్టాంపు వచ్చిన రోజు ఎంతమందికి గుర్తుంది?

పొట్టి శ్రీరాములు గారి పూర్వీకుల ఊరు పడమటిపల్లె కూడా మన పడమటి ప్రాంతంలోదే, కనిగిరి వైపు. ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణం వదిలిన సంగతి అందరికీ తెలుసు. అంతకు ముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్ష చేసిన సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. స్టాంపు మీద మనిషి బొమ్మ పడుతుంది గానీ మనిషి చేసిన పనులన్నీ పట్టవు. అవి మనం చెప్పుకోవాలి.

ఈ లెక్కతో ఎవరినీ నిందించాలని కాదు. తొందరగా వచ్చినవాళ్ళు అర్హులు కారనీ కాదు. పేరు తలుచుకునేవాళ్ళు, సభలు పెట్టేవాళ్ళు, ఢిల్లీకి కాగితం రాసేవాళ్ళు ఉన్నచోట ఎదురుచూపు తగ్గింది. ఆ బలగం లేనిచోట పెరిగింది. 1995లో నా పందెంలోని లోపం అదే. క్యాలెండరు చూశాను గానీ, కాగితం ఎవరు రాశారో చూడలేదు. ఇంకా నిజం చెప్పాలంటే, పందెం కాసిన నేనే ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు.

మేఘానికి వచ్చింది, గబ్బిలానికి రాలేదు

1960 జూన్‌లో కాళిదాసు మీద రెండు స్టాంపులు వచ్చాయి. ఒకదాని మీద శకుంతల దుష్యంతుడికి లేఖ రాస్తూ ఉంటుంది. రెండోదాని మీద మేఘసందేశంలోని యక్షుడు మబ్బును బతిమాలుతూ ఉంటాడు. తపాలా శాఖ వారి ఎంపిక ఎంత చక్కనిదో చూడండి. రెండూ ఉత్తరాల కథలే. భార్యకు దూరమైన యక్షుడు మబ్బు చేత కబురు పంపాడు. అది ఒక రకంగా తపాలాయే కదా!

జాషువా గారు 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో కబురు పంపేది యక్షుడు కాదు, అంటరానివాడని ఊరు దూరం పెట్టిన పేదవాడు. అతను గుడిలోకి వెళ్ళలేడు. దేవుడి ముందు నిలబడి తన గోడు చెప్పుకోలేడు. కానీ గబ్బిలం గుళ్ళోనే వేలాడుతుంది, దాన్ని ఎవరూ ఆపరు. అందుకని తన బాధను గబ్బిలానికి అప్పజెప్పి కాశీ విశ్వనాథుడికి పంపుతాడు. మేఘానికి తెలిసింది విరహం. గబ్బిలం మోసింది ఆకలి, అవమానం. తెలుగులో ఇంతకన్నా బరువైన ఉత్తరం మరొకటి నేనెరుగను. స్టాంపు అంటించకుండా వేసిన ఉత్తరం అది.

మేఘసందేశానికి 1960లోనే స్టాంపు వచ్చింది. గబ్బిలానికి రావద్దా? నా దృష్టిలో ఇంతకంటే తగిన స్టాంపు బొమ్మ దొరకదు. ఒక పేదవాడు, అతని గుడిసె చూరు, చూరు కింద గబ్బిలం, పక్కన జాషువా గారి ముఖం.

దేశస్థాయి ప్రాముఖ్యం ఉందా అని అడిగితే జవాబు సిద్ధంగానే ఉంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. సందర్భం ఏదని అడిగితే మాత్రం కొంచెం తడుముకోవాలి. నూరేళ్ళు 1995లో దాటిపోయాయి. నూట పాతికేళ్ళు 2020లో దాటిపోయాయి. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు, యాభై ఏళ్ళు 2021లో దాటిపోయాయి. నూట యాభై ఏళ్ళంటే 2045 దాకా ఆగాలి. అంతదాకా ఆగమంటారా?

ఆగక్కర్లేదని చెప్పడానికి పాత స్టాంపులే సాక్ష్యం. 1972లో వేమన మీద స్టాంపు వేశారు. వేమన ఏ తేదీన పుట్టాడో ఎవరు చెప్పగలరు? 2017లో కవయిత్రి మొల్ల మీద వేశారు. ఆమె పుట్టినరోజు ఏ పంచాంగంలో ఉంది? కుండలు చేసే ఇంటి ఆడపడుచు రామాయణం రాసిందన్న మాటే ఆమెకు సందర్భం. పని గొప్పదైతే తేదీ అడ్డం రాకూడదు.

వినుకొండ మనకు పరాయి ఊరు కాదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు బండి ఎక్కితే దొనకొండ, కురిచేడు దాటాక వచ్చేది వినుకొండే. అక్కడ పుట్టినవాడి గురించి మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

మన గడ్డ నుంచి మరో రెండు

మనుషుల మీదే కాదు, వస్తువుల మీదా, కట్టడాల మీదా స్టాంపులు వస్తాయి. మన ప్రాంతంలో అలాంటివి రెండు కనిపిస్తున్నాయి.

ఒకటి కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట. వరదరాజమ్మ కట్టించిందని మన పెద్దలు చెప్పుకుంటారు. అంతర్జాతీయ సాగునీటి సంఘం 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. కరువు ప్రాంతం అని పేరుపడ్డ చోట ఇంత చెరువు ఉందంటే, నీటిని పట్టి నిలపడం మన పూర్వీకులకు ఎంత బాగా తెలుసో దేశం చూడాలి. మెట్ల బావుల పక్క వరసలో మొదటి పేరు ఇదే కావాలని నా కోరిక.

రెండోది పలక. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తెలుగు బిడ్డ ఒకప్పుడు లేడంటే పెద్దగా అతిశయోక్తి కాదు. దేశంలో ఎన్నో రాష్ట్రాలకు వెళ్ళింది. నోటు పుస్తకాలూ, ప్లాస్టిక్ పలకలూ వచ్చాక బడి పలక తగ్గిపోయి, ఆ రాయి ఇప్పుడు ఎక్కువగా ఇళ్ళ గోడలకూ పైకప్పులకూ వెళుతోంది. బాలల దినోత్సవం స్టాంపు మీద పలక పట్టుకున్న పిల్ల బొమ్మ ఎంత ముచ్చటగా ఉంటుందో ఊహించుకోండి.

అయితే ఆ ముచ్చట వెనక ఒక నిజం కూడా ఉంది. దాచకూడదు. 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానం ప్రకటించి, బాలకార్మికులు ఎక్కువగా ఉన్న కొన్ని పరిశ్రమలను ముందుగా ఎంచుకుంది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులతోపాటు మార్కాపురం పలకలు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే దేశంలోని పిల్లలందరికీ అక్షరాలు దిద్దుకునే పలక ఇచ్చిన ఊళ్ళో, ఆ పలకలు చేసిన పిల్లల చేతులకు అక్షరం అందలేదు. మన హాస్టళ్ళు ఎందుకు ఉన్నాయో ఎవరైనా అడిగితే ఈ ఒక్క మాట చెప్పండి, చాలు. పలక మీద స్టాంపు వస్తే అందంతోపాటు ఈ చరిత్ర కూడా దానితోపాటు ఇచ్చే వివరాల కాగితంలో రావాలి. అప్పుడే అది నిజమైన గౌరవం.

"ఫోన్ల కాలంలో స్టాంపెందుకన్నా?"

కిందటిసారి హాస్టల్‌కు వచ్చినప్పుడు ఒక తమ్ముడు నన్ను ఈ మాటే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కవరు మీద స్టాంపు అంటించిన అనుభవమే లేని పిల్లలు మీలో చాలామంది ఉంటారు. పైగా 'మై స్టాంప్' పథకం 2011లో వచ్చాక, డబ్బు కట్టి ఎవరి ఫొటో అయినా స్టాంపు పక్కన వేయించుకునే వీలు వచ్చింది. మరి ఇంకా దీనికి విలువేముంది?

నా జవాబు ఇది. పెళ్ళి ఫొటోకు మనం డబ్బు ఇస్తాం. రేషన్ కార్డు మీద ఫొటో మాత్రం మనల్ని గుర్తించి ప్రభుత్వం వేస్తుంది. స్మారక స్టాంపు అలాంటిది. "ఈ మనిషి నావాడు" అని దేశం పేరు రాసి, వెల వేసి, ముద్ర కొట్టి చెప్పే మాట అది. ఉత్తరాలు తగ్గినా ఆ మాట విలువ తగ్గలేదు. సోషల్ పుస్తకంలో మనవాళ్ళ పేరు వెతుక్కుని, దొరకక, ఆ పేజీ తిప్పేసిన అనుభవం మనలో ఎంతమందికి లేదు? ఒక స్టాంపు వల్ల మన మెస్సులో కూర మెరుగుపడదు, స్కాలర్‌షిప్పు బిల్లు త్వరగా రాదు. ఆ పోరాటాలు వేరే ఉన్నాయి, చేస్తూనే ఉండాలి. కానీ బువ్వ కోసం అడగడం నేర్చుకున్నవాడు గౌరవం కోసం కూడా అడగడం నేర్చుకోవాలి. రెండూ ఒకే నోటితో అడగవలసినవే.

మనం చేయగలిగింది

కోరిక చెప్పి ఊరుకుంటే ఉపయోగం లేదు గనుక, నాకు తోచిన పనులు రాస్తున్నాను.

ఒకటి. జాషువా గారి మీద ఒక ప్రతిపాదన మన పూర్వ విద్యార్థులం రాసి పంపుదాం. ఆయన జీవిత వివరాలు, రచనలు, బహుమతులు, మంచి ఫొటో, ఏ తేదీన వేయాలో, ఎందుకు వేయాలో అన్నీ అందులో ఉండాలి. ఇంగ్లీషులో, హిందీలో బాగా రాయగలిగిన మన అన్నలు, అక్కలు ఎంతోమంది ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక్క సాయంత్రం కూర్చుంటే అయ్యే పని. సెప్టెంబరు 28 జయంతి గానీ, జూలై 24 వర్ధంతి గానీ కోరదాం. ఒకసారి కాదంటే మళ్ళీ పంపుదాం.

రెండు. చెరువు, పలకల కోసం కింది మెట్టు నుంచి మొదలుపెడదాం. స్టాంపు కంటే ముందు ప్రత్యేక కవరు, ప్రత్యేక ముద్ర అనేవి ఉన్నాయి. వాటికి ఢిల్లీ దాకా వెళ్ళక్కర్లేదు. విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ సర్కిల్ చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ కార్యాలయాన్ని అడగవచ్చు. కొంత రుసుము ఉంటుంది, పూర్వ విద్యార్థులం తలా కొంచెం వేసుకుంటే సరిపోతుంది. పలక బొమ్మ ముద్రతో మార్కాపురం నుంచి ఒక ఉత్తరం వెళితే, పై మెట్టుకు అదే సాక్ష్యంగా నిలుస్తుంది.

మూడు. ఇది తమ్ముళ్ళకు. తపాలా శాఖ 2017లో 'దీన్ దయాళ్ స్పర్శ్' అని ఒక స్కాలర్‌షిప్పు పెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే పిల్లలకు, స్టాంపుల సేకరణలో ఆసక్తి చూసి, క్విజ్జూ ప్రాజెక్టూ పెట్టి, ఏడాదికి 6000 రూపాయలు ఇచ్చేలా రూపొందించారు. బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండాలి, లేదా పిల్లవాడి పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. ఖాతాకు 200 రూపాయలు చాలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు మార్కుల్లో కొంత సడలింపు కూడా ఉంది. ఈ ఏటి ప్రకటన ఎప్పుడో, నిబంధనలు ఏమిటో పోస్టాఫీసులో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. హాస్టల్ పిల్లవాడికి ఏడాదికి ఆరు వేలంటే ఏమిటో నాకు తెలుసు. తొలి ఖాతాలు తెరవడానికి అయ్యే డబ్బు మా బ్యాచ్ ఇస్తుందని ఇక్కడే రాసి ఇస్తున్నాను.

నాలుగు. పాత పందెం మళ్ళీ మొదలుపెట్టండి. జనవరి ఒకటిన పలక మీద పేర్లు రాయండి. ఈసారి సూత్రం కొంచెం మార్చండి. పేరు రాసినవాడు ఆ పేరు ఎందుకు రావాలో నాలుగు వాక్యాలు రాసి, పోస్టు కార్డు మీద పంపాలి. పంపనివాడు ఊహ ఫలించినా కోడిగుడ్డు అడగకూడదు.

నేను ఆ పందెంలో 1995లో ఓడిపోయాను. నిజానికి ఓడిపోయింది ఉత్తరం రాయనందుకే. ఇప్పుడు రాస్తున్నాను. వార్షికోత్సవం రోజు సాయంత్రం రిజిస్ట్రేషన్ బల్ల పక్కన ప్రతిపాదన కాగితం ఉంటుంది. చదవండి, తప్పులుంటే దిద్దండి, ఒప్పుకుంటే సంతకం చేయండి. బ్యాచ్ సంవత్సరం కూడా వేయండి. ఎన్ని బ్యాచ్‌లు కలిసి అడిగాయో ఢిల్లీలో చూసేవాళ్ళకు తెలియాలి.

జై భీమ్.

మీ అన్న,
1991 పదో తరగతి బ్యాచ్